మా గొర్రెల లిస్టులో ఊరు తెలియని మనిషి

ఇట్ల రాండి, ఇంకొంచెం దగ్గరికి జరగండి. చాటలో కందులు ఏరేవాళ్లు ఏరుకుంటానే వినండి, చేతులు ఖాళీగా ఉన్నోళ్లు ఈ గోడకు ఆనుకోండి. కత్తి పట్టకుండా, ఒక్క గొర్రెను ముట్టుకోకుండా, కుర్చీలో కూర్చున్నచోటి నుంచే ఊరి గొర్రెలన్నిటినీ చావు అంచుదాకా తోలుకుపోయిన ఒక ఆడమనిషి సంగతి చెప్తాను. ఆమె పేరు కాశమ్మ. రాచర్ల పక్క పల్లె. ఆమెను మీరు బాగానే ఎరుగుదురు, ఇప్పుడు మీతో మాట్లాడేది ఆమే.

నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది గాని, జ్ఞాపకం మాత్రం ఆగలేదు. మా ఊర్లో ఎవరి పెళ్లికి ఎవరు ఏం చదివించినారో, ఏ గొడ్డు ఏ కరువులో ఎవరికి అమ్మినారో నన్నే అడుగుతారు. ముఖ్యంగా గిన్నెల పంచాయితీ నాది. మా పక్క స్టీలు గిన్నె కొంటే ముందు దాని మీద పేరు కొట్టిస్తాం, ఆ తర్వాతే పొయ్యి ఎక్కిస్తాం. ఎందుకంటే పెళ్లికో, పెద్దదినానికో గిన్నెలు ఇల్లిల్లూ తిరుగుతాయి. పేరుంటేనే సొంతింటికి వస్తాయి, లేకుంటే ఎవరి అటక మీదనో స్థిరపడిపోతాయి. ఊర్లో విందు అయిపోయినాక కడిగిన గిన్నెల కుప్ప ముందు నన్ను కూర్చోబెడతారు. పేరు అరిగిపోయిన గిన్నెనైనా వేలితో తడిమి ఎవరిదో చెప్తాను. ఆ సంగతిలో నాకు కొంచెం గర్వం ఉంది. కొంచెమేంది, బాగానే ఉంది. ఈ కథకంతా ఆ గర్వమే మూలం.

మా అటక మీద సగం గిన్నెల మీద మా అత్త పేరు, తక్కిన సగం మీద మా మామ పేరు. నేను కాపురానికి తెచ్చుకున్న బిందె మీద మా నాయన పేరు. కాశమ్మ అని ఒక్క గరిటె మీద కూడా లేదు. ముప్పై ఏళ్లు నాకది తోచనే లేదు. తోచకూడని రోజున తోచింది.

ఇక మా కోడలు సునీత. మార్కాపురం పిల్ల. నాయన పలకల కార్ఖానాలో పలకలు కోసి కోసి చదివించినాడు, కంప్యూటరు డిగ్రీ చేసింది. ఆ పిల్ల మా ఇంటికి వచ్చినాక మా గొర్రెల సంఘానికి కాలం మారింది. ఏ ఇంట్లో ఎన్ని గొర్రెలు, ఏ గొర్రె చెవి బిళ్ల మీద ఏ నంబరు, దేనికి ఏ సూది ఎప్పుడు వేసినారు, అన్నీ కంప్యూటరులో దాచిపెట్టేదానికి ఆ పిల్లే ఒక ఏర్పాటు కట్టింది. ముందు తన ఒళ్లో పెట్టుకునే కంప్యూటరులో కట్టింది. దాని మూత మీద కొరికిన ఆపిల్ బొమ్మ ఉంటాది. ఎవరో వాడినదాన్ని వాళ్ల అన్న కొనిచ్చినాడు. కట్టడం అయిపోయినాక నన్ను పిలిచి చూపించింది.

"అత్తా, ఇదిగో ఇక్కడ పైన ఉండేది పెద్ద పేరు. ఈ పేరున్నోళ్లు లోపల ఏమైనా చెయ్యొచ్చు. ఇంకొకరిని రానియ్యొచ్చు, వద్దనొచ్చు."

గొర్రెల చెవి బిళ్లలు చదివీ చదివీ నాకు ఇంగ్లీషు అక్షరాలు ఏ నుంచి జెడ్ దాకా వచ్చు. కూడబలుక్కుని చదివినాను. ఎస్, యు, ఎన్, ఐ... సునీత.

"నీ పేరే కదే."

"నా పేరే అత్తా."

ఆ సాయంత్రం నేను ఉప్పు తెచ్చుకుంటానని దుకాణానికి పోయి, ఉప్పు మరిచిపోయి, పదమూడు మందికి చెప్పి వచ్చినాను. ఊరి గొర్రెలన్నిటి మీద పెద్ద పేరు మా కోడలిది. గిన్నె మీద కొట్టించినట్టు ఉంది ఆ పేరు.

తర్వాత సంఘానికి కొత్త కంప్యూటరు వచ్చింది. నల్లటిది, పెద్దది, మా వసారాలోనే బల్ల వేసి పెట్టినారు. సునీత ఆ ఏర్పాటునంతా ఇందులోకి మార్చి, నాకు కూడా నేర్పింది. తెర మీదుండే ఏనుగు బొమ్మ మీద నొక్కితే లోపలికి పోవడం, నంబర్లు కొట్టడం, మూసెయ్యడం. సంఘం పాత గుమాస్తా పని మానేసిన రోజు ఆ పిల్ల ఏం చేసిందో కూడా పక్కన కూర్చుని చూసినాను. అతని పేరు మీద నొక్కింది, ఒక గడిలో ఉన్న టిక్కు తీసేసింది. "ఇంక ఇతను లోపలికి రాలేడు అత్తా" అనింది. నేను దాన్ని మనసులో దాచుకున్నాను. నా మనసులో పడింది బావిలో పడిన చేద మాదిరి బయటికి రాదు.

ఒకరోజు సునీత పుట్టింటికి మార్కాపురం పోయింది. మర్నాడు మధ్యాహ్నానికి వస్తానని చెప్పింది. మా కొడుకు పాల వ్యాను తోలుకుని గిద్దలూరు పోయినాడు. ఇంట్లో నేను, మా ఆయన, ఆ నల్ల కంప్యూటరు. మర్నాడు పొద్దున గొర్రెలకు సూదులు వేసేదానికి పశువుల డాక్టరు సారు వస్తాడు గదా, లిస్టు ఒకసారి చూసుకుందామని ఏనుగును నొక్కినాను. నన్ను ఏమీ అడగకుండానే లోపలికి పంపింది. ఇంటి మనిషినని గుర్తుపట్టిందిలే అనుకున్నాను. అది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నా ముఖాన కొట్టేదానికి పనికొస్తాది.

లోపలికి పోతానే పెద్ద పేరు కోసం వెతికినాను, కళ్లారా చూసుకుందామని. సునీత పేరు లేదు. ఆ చోటులో ఇంకేదో ఉంది. పి, ఓ, ఎస్, టి, జి, ఆర్, ఇ, ఎస్. పోస్ట్‌గ్రెస్.

గిద్దలూరు నుంచి దొనకొండ దాకా నాకు తెలియని ఇంటిపేరు లేదు. మనసులో ఇల్లిల్లూ తిరిగొచ్చినాను. ఎక్కడా తగల్లేదు. వాకిట్లో తాడు పేనుతున్న మా ఆయన్ని కేకేసినాను.

"ఏమయ్యా, మన పక్క పోస్ట్‌గ్రెస్ అనే మనిషిని ఎరుగుదువా?"

"ఏ ఊరు?"

"ఊరు రాయలేదు."

"ఇంటిపేరు?"

"అదీ లేదు."

"గొర్రెలెన్ని?"

"ఒక్కటీ లేదు."

మా ఆయన తాడు పక్కన పెట్టినాడు. "గొర్రెల్లేనోడికి గొర్రెల సంఘంలో ఏం పనే?"

ముప్పై ఏళ్ల కాపురంలో మా ఆయన అడిగిన మొదటి తెలివైన ప్రశ్న అదే. కర్మ ఏందంటే, అది కూడా తప్పు ప్రశ్నే.

"అదొక్కటేనా" అన్నాను. "సునీత పేరుండే చోట కూర్చున్నాడయ్యా. ఆ చిన్న కంప్యూటరులో పిల్ల పేరే ఉంది, నా కళ్లతో చూసినాను. ఇందులోకి మార్చేసరికి ఎవడో పేరు చెరిపి తన పేరు కొట్టించుకున్నాడు."

"మన గిన్నె మీద ఇంకొకడు పేరు కొట్టించుకున్నట్టా?"

"అచ్చం అట్లనే."

ఆ మాట అంటానే నాకు మా అటక గుర్తొచ్చింది. అత్త పేరు, మామ పేరు, నాయన పేరు. సరేలే, నా పేరు పోతే పోయింది, ఎవరూ ఏడవలేదు, నేను కూడా ఏడవలేదు. కళ్లు మంటలెత్తేలాగ కూర్చుని ఆ పిల్ల కట్టిన ఇంటి మీద కూడా ఎవడో ఊరూ పేరూ లేనోడి పేరుండాల్నా? అత్త మీద కోపం దుత్త మీద చూపినారని సామెత. మా ఇంట్లో కోడలి మీద ప్రేమ కంప్యూటరు మీద చూపించినాను.

ముందు ఆయన్ని లిస్టులో నుంచే తీసెయ్యబోయినాను. ఎర్ర అక్షరాలు వచ్చినాయి. ఎర్ర అక్షరాలంటే వీలుకాదని అర్థం, సునీత చెప్పింది.

"ఖాళీ చెయ్యనంటున్నాడయ్యా."

"ఖాళీ చెయ్యకుంటే తాళం వెయ్" అన్నాడు మా ఆయన, ఆ రోజు తెలివి పొంగి పొర్లుతోంది ఆయనకు.

అంతే. పేరు మీద నొక్కినాను, గడి దగ్గరికి పోయినాను, టిక్కు తీసేసినాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి చేతకాకపోతే ఏమాయె, రాచర్ల పక్క కాశమ్మ పట్టింది. ఇద్దరం చెరో గ్లాసు టీ తాగినాం. సాయంత్రం దాకా కంప్యూటరు కూడా మామూలుగానే నడిచింది. తల తెగిన కోడి కూడా నాలుగడుగులు పరిగెత్తుతాదని నాకు అప్పుడు తోచలేదు. మూసేసి, పసుపు గుడ్డ కప్పి పడుకున్నాను.

పొద్దున ఎనిమిదికి డాక్టరు సారు మంచుపెట్టెతో దిగినాడు, వెంట కంపౌండరు. అప్పటికే వాకిలి నిండా గొర్రెలు. అవి అరిచే అరుపుకు ఇంటి పెంకులు కదులుతున్నాయి. మీకు చిటుక రోగం సంగతి తెలుసు కదా. తొలకరి పడి పచ్చగడ్డి మొలవంగానే వస్తాది. పొద్దున మేసిన గొర్రె సాయంత్రానికి కాళ్లు తన్నుకుని పోతాది. దానికి సూది రెండుసార్లు వెయ్యాల. మొదటిది మూడు వారాల కింద వేసినారు, అది కూడా అందరివాటికి కాదు. కొన్ని మందలు అప్పుడు కొండకు మేతకు పోయినాయి. ఏ గొర్రెకు రెండోది, దేనికి మొదటిది, ఏది చూలుతో ఉంది కాబట్టి ఆగాల, అంతా ఆ లిస్టులో ఉంది. కాగితం మీద కూడా రాసిపెడదామని సునీత అంటే, "కంప్యూటరుండగా కాగితమెందుకే, చెదలకా" అని వద్దనింది ఎవరు? నేనే.

"లిస్టు తెరువమ్మా" అన్నాడు సారు. "పదకొండున్నరకు పై ఊరికి పోవాల. మందు మళ్లీ ఎప్పుడొస్తాదో చెప్పలేను."

ఏనుగును నొక్కినాను. ఎర్ర అక్షరాలు. మళ్లీ నొక్కినాను. మళ్లీ అవే. గుడ్డతో తుడిచి నొక్కినాను. ఏనుగు కదల్లేదు. వాకిట్లో మబ్బు చూసి ఎవరో "ఈ పూట వాన ఉంది" అన్నారు.

సునీతకు ఫోను కొట్టినాను.

"సునీతా, ఏనుగు మొరాయించిందే."

"ఏమని వస్తోంది అత్తా?"

అక్షరం అక్షరం చదివి వినిపించినాను.

"అత్తా, నువ్వేమన్నా ముట్టుకున్నావా?"

"నేనేం ముట్టుకోలేదు. ఒకణ్ణి బయటికి పంపినా, అంతే."

"ఎవర్ని?"

"అదే, ఆ పోస్ట్‌గ్రెస్ అనేవాణ్ణి. టిక్కు తీసేసినా."

తిట్టలేదు. తిట్టినా బాగుండు. "అత్తా, మనమందరం లోపలికి పోయేది ఆయన పేరు మీదనే. నిన్న నువ్వు పోయింది కూడా."

చూసినారా, నన్ను ఏమీ అడగకుండా లోపలికి పంపిందని మురిసినాను కదా. నేను దొంగను పట్టుకునేదానికి పోయింది దొంగ తాళంచెవితోనే. పోయి, ఆయన్ని, నన్ను, ఊరు ఊరునంతా కలిపి బయట పెట్టి తాళం వేసినాను. కూర్చున్న కొమ్మను నరుక్కున్నోణ్ణి చూసి నవ్వుతాం. నేను చెట్టు మొదలే నరికినాను, గొర్రెలన్నీ కింద నిలబడుండగా.

"ఫోనులో సరిచేసేది కాదత్తా, నేనే రావాల. బస్సెక్కుతున్నా, అయినా పన్నెండు దాటతాది."

ఫోను పెట్టేసి డాక్టరు సారు వైపు తిరిగినాను. ఆయన అప్పటికే మంచుపెట్టె మూత బిగిస్తున్నాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతాదంటారు. ఆ పొద్దున మా ఊరి గొర్రెలన్నీ నా వైపే చూస్తున్నాయి.

"సార్, మూత తియ్యండి. నేను చెప్తాను."

"ఏం చెప్తావమ్మా?"

"లిస్టు. మొత్తం."

ఆయన నవ్వినాడు. తప్పు పట్టను, ఎవరైనా నవ్వుతారు. దగ్గరున్న గొర్రెను పట్టుకుని, దాని చెవి బిళ్లను అరచేత్తో మూసినాడు. "ఇది ఎవరిది?"

"నడిమింటి చెన్నయ్యది. రెండో చెవి కొస చూడండి, కుక్క కొరికింది. పోయినసారి సూది పడింది. పడంగానే మీ కంపౌండరు కాలు తొక్కి, చెప్పు తెంపి పారిపోయింది."

"కొత్త చెప్పు సార్" అన్నాడు కంపౌండరు బాధగా. "అదే గొర్రె."

సారు మూత తీసినాడు. కంపౌండరు కాగితం తీసుకుని కూర్చున్నాడు. నేను అరుగు ఎక్కినాను.

ఎట్ల చెప్పినానంటే, గిన్నెలు తేల్చినట్టే చెప్పినాను. పడమటి వీధి కొస నుంచి మొదలుపెట్టి ఇంటికి ఇల్లు. "మస్తానయ్యవి పద్దెనిమిది, అన్నీ రెండో సూదికే, నల్లమచ్చది మాత్రం చూలుతో ఉంది, ఆపండి. లక్ష్మమ్మవి తొమ్మిది, పోయినసారి కొండ మీదున్నాయి, వీటికి మొదటిదే. ఖాసింసాబువి ఇరవై రెండు, అందులో రెండు పొట్టేళ్లు పోయినవారం తర్లుపాడు నుంచి కొనుక్కొచ్చినాడు, వాటికి అసలు పడలేదు." ఖాసింసాబు మధ్యలో "రెండు కాదక్కా, మూడు" అన్నాడు. "మూడోది మీ బావమరిదిది, మేపేదానికి తోలిపెట్టినాడు" అన్నాను. ఆయన తల గోక్కుని "నిజమే" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ అడ్డం రాలేదు. గొంతు పోయేదాకా చెప్పినాను. మా ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి అందిస్తానే ఉన్నాడు. పెళ్లిలో కూడా ఆ మనిషి నా వైపు అట్ల చూసి ఎరగడు.

పదకొండుకంతా అయిపోయింది. డాక్టరు సారు సీసా ఎత్తి చూసినాడు.

"పదకొండు గొర్రెలకు సరిపోయే మందు మిగిలిందమ్మా. కొలిచి తెచ్చినాను. నీ లెక్కలో ఒక ఇల్లు తప్పింది."

"నా లెక్క తప్పదు సార్. మీ సీసాలోనే తప్పుంటాది."

"సీసాకు మరుపుండదమ్మా."

"నాకూ ఉండదు సార్."

ఇద్దరం వాదించుకుంటా ఉండంగానే సునీత ఆటో దిగింది. బస్సు కోసం ఆగలేదంట, దొరికిన జీపులో దొరికినంత దూరం వచ్చిందంట. లోపలికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా ఆ నల్ల కంప్యూటరు ముందు కూర్చుంది. ముందు ఆ ఏర్పాటు మొత్తాన్ని నిలిపేసింది. ఆ తర్వాత ఎవరూ రాకుండా తను ఒక్కతే పోయే దొడ్డిదారి ఒకటి ఉందంట, అట్ల పోయి ఏదో రెండు వరసలు రాసింది. మళ్లీ మామూలుగా లేపి ఏనుగును నొక్కింది. ఏనుగు బుద్ధిగా లేచింది.

కంపౌండరు రాసిన కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో ఇల్లు సరిచూసింది. మస్తానయ్య సరి. లక్ష్మమ్మ సరి. ఖాసింసాబు సరి. అట్ల సరి సరి అనుకుంటా పోయి పోయి ఒక చోట ఆగింది. నా వైపు చూసింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"అత్తా, మనవి?"

"మనవేంది?"

"మన గొర్రెలు. పదకొండు."

అప్పుడే దొడ్లో నుంచి మా పదకొండూ ఒక్కసారి అరిచినాయి. పొద్దుటి నుంచి అరుస్తానే ఉన్నాయంట, ఊరి గొర్రెల గోలలో నాకు వినపడలేదు. ఊరందరి ఇళ్లూ తిరిగిన మనిషిని, నా గడప మాత్రం తొక్కలేదు. డాక్టరు సారు సీసా పట్టుకుని నవ్వుతానే దొడ్లోకి నడిచినాడు. వాటికి కూడా సూదులు పడినాక వాన మొదలైంది.

వాన పడుతుండగా సునీత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "ఒక్కో రకం కంప్యూటరుది ఒక్కో ఆచారం అత్తా. నా చిన్నదాంట్లో నేను పెట్టుకున్న పద్ధతిలో, ఎవరు కూర్చుని ఈ ఏర్పాటు పెడితే వాళ్ల పేరే పెద్ద పేరయితాది. ఈ నల్లదాంట్లో అట్ల కాదు, ఎవరు పెట్టినా పోస్ట్‌గ్రెస్ అనే పేరే పెద్ద పేరు. వేరే రకాల లిస్టులకు ఇంకా వేరే పెద్ద పేర్లుంటాయి. నా పేరు ఎవరూ చెరపలేదు. ఆయన మనిషి కాదు. ఇంటితోపాటే వచ్చే పేరు. తప్పు నాది కూడా ఉంది, అన్ని పనులకూ ఆ ఒక్క తాళంచెవే వాడకుండా ఉండాల్సింది."

"నువ్వు కట్టినావని ఎట్ల తెలుస్తాది మరి?"

"ఎవరికి తెలియాలత్తా?"

నేను అటక వైపు చూసినాను. ఎందుకు చూసినానో ఆ పిల్లకు చెప్పలేదు. చెప్పకుండానే అర్థమైనట్టుంది.

మరుసటి వారం గిద్దలూరు బజారుకు పోయి, స్టీలు దుకాణంలో మూడు పెద్ద గ్లాసులు తీసుకున్నాను. పేర్లు కొట్టే ఆయన అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"చెప్పమ్మా, పేర్లు."

"ఒకదాని మీద సునీత. ఒకదాని మీద కాశమ్మ."

గర్రుమని కొట్టినాడు. యాభై ఏళ్లు మీద పడుతున్నాయి, నా పేరు స్టీలు మీద ఎట్లుంటాదో అప్పుడు చూసినాను. అక్షరాలు బాగానే ఉన్నాయి, గుండ్రంగా.

"మూడోది?"

"పోస్ట్‌గ్రెస్."

ఆయన చేతిలో మిషను ఆగింది. "ఎవరమ్మా? అల్లుడా?"

"కాదు నాయనా. మా ఇంటి పెద్ద."

"ఏ ఊరు?"

"ఊరు లేదు. ఇంటిపేరు లేదు. గొర్రెల్లేవు. అయినా ఆయన లేనిదే మా ఊర్లో ఏ గొర్రెకూ సూది పడదు. రాసెయ్ నాయనా, పెద్దక్షరాలతో రాయి."

ఆ గ్లాసు ఇప్పటికీ నల్ల కంప్యూటరు పక్కనే ఉంటాది. మొన్న ఎవరింట్లోనో పెళ్లికి పొరపాటున గిన్నెలతో పాటు అదీ పోయింది. మూడో రోజు ఊరంతా తిరిగి మా గడప దగ్గరికే వచ్చింది. తెచ్చినావిడ అనింది, "వదినా, మీ పెద్దాయన గ్లాసు." ఇప్పుడు ఊర్లో ఆయన్ని ఎరగనోళ్లు లేరు.

కాబట్టి, అందరూ వినండి. అటక సాక్షిగా, దొడ్లో పదకొండు గొర్రెల సాక్షిగా, తెగిన ఆ కంపౌండరు చెప్పు సాక్షిగా ఒట్టు పెట్టుకుంటున్నాను. ఏ లిస్టులోనైనా నేనెరగని పేరు కనపడితే వేలు పెట్టను. పెట్టే ముందు కోడల్ని అడుగుతాను. కోడలు ఊర్లో లేకుంటే ఫోను కొడతాను. ఫోను తగలకుంటే చేతులు కట్టుకుని కూర్చుంటాను. అదీ చేతకాకుంటే మా ఆయన సలహా మాత్రం అడగను.

మీ ఇల్లు పచ్చగా ఉండాల. విందుకు పోయిన మీ గిన్నెలు సొట్ట పడకుండా తిరిగి రావాల. మీ మందల్లో చిటుక రోగం అడుగు పెట్టకూడదు. మీ ఇంటి తాళంచెవి ఎవరి పేరు మీదుందో మీకు ముందే తెలియాల. మీ కోడళ్ల పేరు, మీ పేరు, మీ అటక మీద ఒక్క గ్లాసు మీదైనా ఉండాల.